ఏడు పట్టికల కింద ఒకే వాక్యం

టెక్నికల్ రైటింగ్‌లోకి వస్తున్న తెలుగు పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అంకుల్ అని అడుగుతారు. పద్నాలుగేళ్లలో నా బల్ల మీద సాఫ్ట్‌వేర్ నాలుగుసార్లు మారింది. ఏది ముందో ఏది తర్వాతో ఇప్పుడు చెప్పలేను. గుర్తున్నవి బోల్టులు, వాటిని చేసిన మనుషులు, నేను చేసిన కొన్ని తప్పులు. వాటిలో ఒకటి ఒక మనిషి కుటుంబాన్ని ఈ దేశం నుంచి కదిలించేంత దూరం వెళ్లింది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ఆ ఒక్క తప్పులోనే ఉంది.

2001లో అమెరికా వచ్చాం. మా ఆవిడ సుగుణ నర్సు, ఆమె ఉద్యోగం మీదే మాకు గ్రీన్‌కార్డు. నేను విజయవాడలో ఒక తెలుగు పత్రికలోనూ తర్వాత ఒక ఇంగ్లీషు పత్రికలోనూ కలిపి పందొమ్మిదేళ్లు డెస్కు మీద పనిచేసినవాణ్ని. ఐసెలిన్ అనే ఊళ్లో అద్దెకు దిగి, మొదటి ఎనిమిది నెలలు మనవాళ్ల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో ఒక చీరల కొట్టులో, చూసి వదిలేసిన చీరలు మళ్లీ మడతపెట్టాను. ఆ తర్వాత నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో క్యాటలాగులు దిద్దే పని దొరికింది. బోల్టులు, నట్లు, స్క్రూలు చేసే ఫ్యాక్టరీ. పేరు రాయను. నా పై అధికారి డయాన్ అనే ఆవిడ ఇంటర్వ్యూలో ఒకే ప్రశ్న అడిగింది.

"మీకు బోల్టుల గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలియదు. కానీ తెలియని విషయం మీద సాయంత్రంలోగా తప్పు లేకుండా రాయడం తెలుసు."

ఆవిడ నవ్వి చేర్చుకుంది. ఆ జవాబు తప్పని తెలియడానికి నాకు నెల పట్టింది.

తురుము ఎక్కడ?

నేను రాసిన మొదటి బ్రోషర్‌లో ఒక వాక్యం ఇలా ఉండేది: మా బోల్టుల మీద మరలు అత్యంత ఖచ్చితంగా కోయబడతాయి. మర్నాడు పొద్దున్నే ఎర్రటి మనిషి ఒకాయన ఆ కాగితం పట్టుకుని నా క్యూబికల్ ముందు నిలబడ్డాడు. వాల్ట్. అప్పటికి ముప్పై ఏళ్లుగా మర వేసే మిషన్ల మీద ఉన్నవాడు.

"రాసింది నువ్వేనా? లే. బూట్లు వేసుకో."

కిందికి తీసుకెళ్లాడు. మర వేసే మిషన్ ముందు నిలబెట్టి, చెవుల్లో పెట్టుకోమని రెండు స్పాంజి ముక్కలిచ్చాడు. రెండు ఉక్కు పలకలు, వాటి మీద ఏటవాలు గాళ్లు. మధ్యలో నున్నటి ఉక్కు కడ్డీ పడుతుంది. ఒక పలక ముందుకు జరిగి, అప్పడాల కర్ర కింద పిండిలా ఆ కడ్డీని దొర్లించి నొక్కుతుంది. అవతల పడేసరికి ఒంటి నిండా మర, అంటే నట్టు ఎక్కే చుట్టల గాడి. రెప్పపాటు కూడా పట్టదు.

వాల్ట్ మిషన్ కిందికి చెయ్యి చూపించాడు. "తురుము ఎక్కడుందో చూపించు."

వంగి చూశాను. నూనె తప్ప ఏమీ లేదు.

"కోస్తే తురుము రాలుతుంది. ఇక్కడ రాలలేదు. అంటే కోయలేదు, ఒత్తాం. ఒత్తితే ఉక్కు పోగులు తెగవు, వంగుతాయి. అందుకే ఈ మర గట్టిది. దాని కోసమే మా దగ్గర కొంటారు. నువ్వేమో కోశామని ప్రపంచానికి చెబుతున్నావు."

"సారీ."

"సారీ వద్దు. ఇంకోసారి రాసే ముందు దిగి రా. లిఫ్ట్ పనిచేస్తూనే ఉంది."

బోల్టు తల ఎలా తయారవుతుందో కూడా ఆ రోజే చూపించాడు. తీగను ముక్కలుగా తెంపి, వేడి చేయకుండానే ఒక అచ్చులోకి సమ్మెటపోటు వేస్తే చివర ఉబ్బి తల అవుతుంది. అది చూశాక గానీ మా క్యాటలాగులో సగం మాటలకు అర్థం తెలియలేదు. పిల్లలకు నేను చెప్పే మొదటి సలహా ఇదే. పదకోశం చదివి పదం నేర్చుకోకండి. ఆ పని జరిగే చోట నిలబడి నేర్చుకోండి. నిలబడనివ్వని కంపెనీ అయితే అక్కడ ఎక్కువ కాలం ఉండకండి.

ఒక వస్తువుకి ఒకే పేరు

పత్రికలో మాకు నూరిపోసిన పాఠం ఒకటుంది. ఒక పేరాలో ఒకే మాట రెండుసార్లు పడకూడదు. మొదటి వాక్యంలో ముఖ్యమంత్రి అంటే రెండో వాక్యంలో ఆయన, మూడో వాక్యంలో పార్టీ అధినేత. ఆ అలవాటుతోనే ఒక బిగింపు సూచనలో ఒకే వస్తువును మొదట బోల్టు అని, తర్వాత స్క్రూ అని, చివర ఫాస్టెనర్ అని రాశాను. చదవడానికి హాయిగా ఉందని మురిసిపోయాను. అవతలి కంపెనీ స్టోర్సులో మనిషి మాత్రం మూడు రకాల సరుకు కోసం వెతికి, మూడోది కనబడక మాకు ఫోన్ చేశాడు.

ఈ పనిలో రెండూ వేరువేరు. చివర నట్టు పెట్టి, ఆ నట్టును తిప్పి బిగించేది బోల్టు. తలనే తిప్పి బిగించేది స్క్రూ. అందం కోసం ఒకదాని బదులు ఇంకోటి రాయడానికి వీల్లేదు. ఆ తర్వాత రెండేళ్లు కూర్చుని మా కంపెనీ మొత్తానికి పదాల పట్టిక తయారుచేశాను. అమ్మకాల వాళ్లు ఒక పేరుతో, డ్రాయింగుల వాళ్లు ఒక పేరుతో, మిషన్ల మీదివాళ్లు ఇంకో పేరుతో పిలిచే వాటికి ఒక్కో పేరు ఖాయం చేశాను. ప్రతిసారీ గొడవే. పేరు తేలనప్పుడు నేను మిషన్ల మీదివాళ్ల మాటే తీసుకునేవాణ్ని. చేత్తో పట్టుకునేది వాళ్లు కాబట్టి. ఇప్పుడు అడిగినా అదే చేస్తాను.

ఇంత తెలిశాక ఇక నాకు ఢోకా లేదనుకున్నాను. అసలు తప్పు అప్పుడే చేశాను.

నేను తీసేసిన వాక్యం

మా బోల్టుల డబ్బా ప్రతిదాంట్లో ఒక సూచనల కాగితం ఉండేది. బోల్టు సైజుకు ఒకటి చొప్పున ఏడు పట్టికలు. ఏ బోల్టును ఎంత బలంతో తిప్పి బిగించాలో ఆ పట్టికల్లో ఉంటుంది. ప్రతి పట్టిక కింద ఒకే వాక్యం: "ఈ అంకెలు నూనె రాయని మర కోసమే, నూనె రాస్తే తగ్గించాలి." ఎంత తగ్గించాలో పక్కనే ఉంటుంది. ఏడు పట్టికలు, ఏడుసార్లు అదే వాక్యం.

దాని అవసరం చెబుతాను. ఉక్కు బోల్టు బిగిస్తే కంటికి కనబడనంతగా సాగుతుంది. సాగినది వెనక్కి రావాలని లాగుతుంది. ఆ లాగుడే రెండు భాగాలను కలిపి పట్టుకునేది. పానా మీద మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం మరల మధ్య రాపిడికే పోతుంది. నూనె రాస్తే రాపిడి తగ్గుతుంది, అదే బలం బోల్టును ఇంకా సాగదీస్తుంది. హద్దు దాటితే తల ఊడిపోతుంది.

కాగితం రెండు షీట్లయింది, ఒకే షీటులో పట్టించగలవా అని డయాన్ అడిగింది. వార్తను జాగాకు సరిపెట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. చూడగానే ఏడుసార్లు వచ్చిన వాక్యం కళ్లలో గుచ్చుకుంది. ఆరు తీసేసి, ఒకటి పైన, శీర్షిక కింద, పెద్ద అక్షరాల్లో పెట్టాను. కాగితం ఒక్క షీటులో ఒదిగింది. డయాన్ మెచ్చుకుంది. ఇంజినీరు ఒకాయన అంకెలన్నీ సరిచూసి సంతకం పెట్టాడు. అంకెల్లో తప్పు లేదు మరి.

ఆ కాగితం మొదట రాసింది వాల్ట్. అప్పటికి రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోయాడు. ఆయన నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చేసి, ఏడుసార్లు ఎందుకు రాశావని అడిగితే రెండు నిమిషాల పని. అడగలేదు. ఆయనకు రాయడం రాక అలా రాశాడనుకున్నాను.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా

2009 ప్రాంతం. ఎక్కడ చూసినా ఉద్యోగాలు పోతున్న రోజులు. మా క్వాలిటీ విభాగంలో ప్రభుదాస్ అని ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. బాపట్ల వైపు మనిషి. నాకంటే పదిహేనేళ్లు చిన్న. హెచ్-1బి వీసా మీద ఉన్నాడు, గ్రీన్‌కార్డు ప్రాసెస్ నడుస్తోంది, కూతురు తొమ్మిదో క్లాసు. బోల్టు గట్టిదనం, మర కొలత పరీక్షించి సరుకు బయటికి వదిలే సంతకం అతనిదే. నన్ను ఎడిటర్ గారూ అని ఏడిపించేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ రోజు ఏడిపించలేదు.

"మూర్తి గారూ, ఈ రిపోర్ట్ కొంచెం ఇంగ్లీష్ చూసిపెట్టండి. మండే సబ్మిట్ చేయాలి."

"ఏమైంది?"

"పెన్సిల్వేనియా కస్టమర్ అండీ, పంపులు చేసేవాళ్లు. మన బోల్ట్స్ బిగిస్తుంటేనే హెడ్స్ ఊడిపోతున్నాయంట. ఆ బోల్ట్స్ లాట్ నేను పాస్ చేసిందే. నన్ను సైన్ చేయొద్దని పక్కన పెట్టేశారు."

"నువ్వు టెస్ట్ చేశావు కదా?"

"ఒకటికి రెండుసార్లు చేశానండీ! మెటీరియల్ బంగారంలా ఉంది. ఎవరు వింటారు? లేఆఫ్ లిస్ట్ ఎలాగూ రెడీ చేస్తున్నారు, నా పేరు పెట్టుకోడానికి వాళ్లకో రీజన్ దొరికింది. జాబ్ పోతే ప్రాసెస్ మొత్తం మళ్లీ ఫస్ట్ నుంచి. అసలు ఇంకో జాబ్ దొరికితే కదా. మా ఆవిడ అప్పుడే సూట్‌కేసులు కిందికి దింపింది."

రిపోర్ట్ ఉంచి వెళ్లాడు. కోపంతో రాసిన రిపోర్టు. దిద్దుతూ వెనక జతచేసిన ఫోటోలు తిప్పాను. ఊడిన తలలు, పంపు, పనిచేసే బెంచీ. బెంచీ వెనక గోడకు టేపుతో అంటించిన కాగితం ముక్క. అరచెయ్యంత ఉంది. మా పట్టిక. అచ్చు నేను దిద్దిన అక్షరాలే. చుట్టూ కత్తెరతో కోసి, కావలసిన సైజు పట్టిక మాత్రం అంటించుకున్నారు. దాని పక్కనే నూనె డబ్బా.

పట్టిక కింద ఏమీ లేదు.

వాల్ట్ ఏడుసార్లు ఎందుకు రాశాడో అప్పుడు అర్థమైంది. పనివాళ్లు కాగితం మొత్తం ఉంచుకోరు. తమ బోల్టు పట్టిక కత్తిరించి గోడకు పెట్టుకుంటారు. ఏ ముక్క కత్తిరించినా వాక్యం దానితోపాటే రావాలని ఆయన ఏడు చోట్లా పెట్టాడు. నేను దాన్ని పైన పెట్టాను, అది చెత్తబుట్టలోకి పోయింది.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఆ సాయంత్రం నేను ప్రభుదాస్‌కి ఫోన్ చేయలేదు. డయాన్‌కీ చెప్పలేదు. రిపోర్టులో ఇంగ్లీషు దిద్ది, ఈమెయిల్ చేసి, ఇంటికి పోయాను. సోమవారం ఆలోచిద్దాం అనుకున్నాను. ఆ ఫోటోలో సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టలేదు, పట్టదు కూడా.

శనివారం ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొంటుంటే సుగుణ నా చేతిలోంచి వంకాయ లాక్కుంది.

"ఏమిటండీ, దాన్ని అలా నలిపేస్తున్నారు?"

అక్కడే, వంకాయల గంప పక్కనే చెప్పేశాను.

"ప్రభుదాస్‌కి చెప్పారా?"

"సోమవారం చెబుదామని."

"మా వార్డులో డోసు తప్పు రాసినట్టు డాక్టరుకు తెలిసిందనుకోండి. సోమవారం దాకా ఆగితే మీరేమంటారు?"

"ఇది డోసు కాదు కదా."

"వాళ్ల ఇంట్లో కూర్చుని ఆ మాట అనండి."

ప్రభుదాస్ వాళ్ల తెలుగు ఆరాధన ఆదివారం మధ్యాహ్నం. పొద్దున అమెరికన్ల ఆరాధన అయిపోయాక అదే చర్చిని వీళ్లు అద్దెకు తీసుకునేవారు. మూడు గంటలకు పార్కింగ్ లాట్‌లో నిలబడ్డాను. అతను బైబిలు పట్టుకుని, నవ్వుతూ వచ్చాడు.

"ఏంటి ఎడిటర్ గారూ, మారుమనసు పొందారా?"

చెప్పాను. మొత్తం విన్నాడు. నవ్వు పోయింది.

"ఫోటో ఎప్పుడు చూశారు మీరు?"

"శుక్రవారం."

"ఫ్రైడే ఏ టైముకి?"

"నాలుగింటికి."

కారు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. "మా పాప రెండు రోజుల్నించి అన్నం సరిగ్గా తినట్లేదు, మూర్తి గారూ. స్కూల్ మారాలా డాడీ అని అడుగుతోంది. ఫ్రైడే నాలుగింటికి మీకు తెలుసు." కారెక్కి వెళ్లిపోయాడు.

తప్పు చేసినందుకు నాకు పెద్ద సిగ్గు లేదు. పనిచేసేవాళ్లందరూ చేస్తారు. ఆ రెండు రోజులకు మాత్రం నా దగ్గర సంజాయిషీ లేదు.

పెన్సిల్వేనియాలో

సోమవారం డయాన్ గదిలోకి వెళ్లి తలుపు వేశాను. ఫోటో, పాత కాగితం, కొత్త కాగితం వరసగా పెట్టాను. ఆవిడకు అర్థం కావడానికి నిమిషం పట్టలేదు.

"లాయర్లతో మాట్లాడేదాకా ఈ మాట ఈ గదిలోనే ఉండాలి."

"ప్రభుదాస్‌కి నిన్ననే చెప్పేశాను."

ఫోటోను తన వైపు లాక్కుంది. "నాకు పని పెంచావు. కానీ సరే, మంచి పనే చేశావు. ఇప్పుడు ఎవరూ దీన్ని మూసిపెట్టలేరు, నాతో సహా."

నేను చూసిన పై అధికారుల్లో డయాన్ ఉత్తమురాలు. ధైర్యం ఎక్కువని కాదు. వెనక్కి దారి లేదని తెలిస్తే ముందుకు నడిచేది. చాలామంది అప్పుడు కూడా వెనక్కే చూస్తారు. కస్టమరుకు నిజం చెప్పడానికి మధ్యాహ్నం లోపల ఆ లాయర్లను ఒప్పించింది.

బుధవారం ముగ్గురం ఆవిడ కార్‌లో వెళ్లాం. రెండు గంటల దారి. వెనక సీట్లో ప్రభుదాస్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

పంపుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ రే అనే పొడుగాటి మనిషి. బెంచీ దగ్గరికి తీసుకెళ్లాడు. పక్కన పాత బెంచీ కూడా ఉంది. దాని మీద నూనె మరకలతో పచ్చబడిన పాత పట్టిక ముక్క, దాని కింద ఆ వాక్యం. అక్కడా నూనె రాస్తారు, కానీ బలం తగ్గించి బిగిస్తారు. కొత్త బెంచీ పెట్టినప్పుడు కొత్త డబ్బాలోంచి కొత్త కాగితం తీసి కత్తిరించారు.

"మిగతా కాగితం ఏం చేశారు?" అన్నాను.

"పారేశాం. నాకు కావాల్సింది ఒక్క సైజు."

"పైన పెద్ద అక్షరాల్లో రాసి ఉంది కదా."

రే నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు న్యూస్‌పేపర్లో నీకు అక్కర్లేని పేజీ చదువుతావా?"

డయాన్ దగ్గుతున్నట్టు నవ్వు దాచుకుంది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ వాక్యం ఈ పట్టిక కింద ఉండేదని, నేనే తీశానని, బోల్టులో దోషం లేదని.

రే నమ్మలేదు. "మాట ఎవరైనా చెబుతారు. చూపించు."

చూపించింది ప్రభుదాస్. ఆ గొడవ లాటులోంచే బోల్టులు తీశాడు. గుడ్డతో మర శుభ్రంగా తుడిచి, బలం కొలిచే పానాను ఆ పట్టికలో అంకెకే సరిచేసి, నాలుగు బిగించాడు. నాలుగూ నిలిచాయి. అయిదోదానికి వాళ్ల డబ్బాలో నూనే రాశాడు. అదే అంకె. నిలిచింది. ఆరోదానికి రాశాడు. పానా ముప్పావు వంతు తిరిగిందో లేదో, టప్‌మని తల ఊడి నేల మీద పడింది. ఏడోదీ అంతే.

ఆ తల తీసి రే అరచేతిలో పెట్టాడు ప్రభుదాస్. "నా బోల్టు మంచిదే సార్."

రే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీ బోల్టు మంచిదే," అన్నాడు.

సంతకం

ఆ తర్వాతి సోమవారం ప్రభుదాస్‌కి సంతకం అధికారం తిరిగి ఇచ్చారు. లేఆఫ్ జాబితాలో అతని పేరు రాలేదు. నాకొక మందలింపు ఉత్తరం వచ్చింది. న్యాయమైన ఉత్తరమే. ఇంగ్లీషు మాత్రం దిద్దాల్సినట్టు ఉంది. వెళ్లిన డబ్బాలన్నిటి వెనకా కొత్త కాగితాలు పంపాల్సి వచ్చింది. అది పూర్తి చేయడానికి నాకు వేసవి అంతా పట్టింది.

ఫ్లోరిడాకు ఫోన్ చేసి వాల్ట్‌కి సంగతి చెప్పాను. "ఎనిమిదోసారి కూడా రాయాల్సింది, నీ కోసం," అన్నాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా తీర్పు సూటిగా చెబుతాను. అనవసరం అనిపించిన వాక్యాన్ని తీసే ముందు, దాన్ని పెట్టినవాణ్ని వెతకండి. మీకంటే తెలివితక్కువవాడని అనుకోకండి. తీశాక ఆ కాగితం ఎవరి చేతుల్లోకి వెళ్లి ఏమవుతుందో చూడండి. రాసినవాడు కాగితం మొత్తం చూస్తాడు. పనిచేసేవాడి దగ్గర దాని ముక్క ఉంటుంది.

కొత్త కాగితం అచ్చుకు వెళ్లే ముందు క్వాలిటీ విభాగం కూడా సంతకం పెట్టాలని డయాన్ కొత్తగా నియమం పెట్టింది. అంటే ప్రభుదాస్ పెట్టాలి. పెన్సిల్వేనియా నుంచి వచ్చాక అతను నాతో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు. ప్రూఫు పట్టుకుని అతని బల్ల దగ్గరికి వెళ్లాను. ఏడు పట్టికలు, ప్రతిదాని కిందా ఆ వాక్యం, మళ్లీ రెండు షీట్లు.

చదవలేదు. సొరుగులోంచి కత్తెర తీశాడు. నా ముందే మొదటి పట్టికను అంచు వెంబడి, వీలైనంత దగ్గరగా కత్తిరించాడు. ముక్క ఎత్తి చూశాడు. వాక్యం సగం తెగిపోయింది.

"గీత బయట ఉందండీ ఇది. వర్కర్స్ గీత వెంబడి కోస్తారు. సెంటెన్స్ గడి లోపల పెట్టండి."

తీసుకెళ్లి, వాక్యాన్ని పట్టిక గడిలోపలికి చేర్చి, గంటలో తిరిగి వచ్చాను. మళ్లీ కత్తెర తీశాడు. ఈసారి ఏడూ కోశాడు. కాగితం చీలికలు బల్ల మీంచి నేల మీదికి జారాయి. ఏడు ముక్కలూ వరసగా పేర్చి, ఒక్కొక్కదాని కింద వేలు పెట్టి, పైకి చదివాడు. ఏడుసార్లు. నేను నిలబడి విన్నాను.

"కూర్చోండి మూర్తి గారూ," అని కుర్చీ లాగి, పెన్ను తీసి సంతకం పెట్టాడు.